పటానికి అడ్డంగా కట్టిన తెర

మా కులపురాణం చెబుతుండగా, కథ సగంలో ఉండగా, పటం ముందు దీపం ఆర్పించి, దానికి అడ్డంగా తెర కట్టి సినిమా వేశారు. కట్టింది పరాయివాళ్లు కాదు, మా వాళ్లే. మాతో పాటు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాళ్లే.

ఇది తప్పు. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని నన్ను వెక్కిరించినవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు కూడా. పోయినవాళ్లను తిట్టకూడదంటారు కాబట్టి తిట్టను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనభైల నడుమ నేను బొంబాయిలో, వర్లీ దిక్కు ఒక బట్టల మిల్లులో పనిచేసేవాణ్ని. మాది ఆర్మూర్. పద్మశాలీలం. మా వాడలో పట్టుచీరలు నేసేవాళ్లు, కానీ నేతన్న కడుపు నింపింది మాత్రం ఆడవాళ్లు చుట్టే బీడీలే. మగవాళ్లు బొంబాయి బండెక్కేవాళ్లు. నా చదువు మూడో తరగతితో సరి. ఆ పైన చదివిందంతా పాత పత్రికలూ, పొట్లాల కాగితాలూ, మిల్లు గేటు దగ్గర యూనియన్ వాళ్లు పంచిన కరపత్రాలూ. అందుకని నా తెలుగులో అన్ని రకాల వాసనలూ ఉంటాయి.

మేముండే చాళ్‌లో, అంటే ఒక్కో గదికి ఒక్కో సంసారం ఉండే మిల్లు కూలీల కట్టడంలో, మాకు అందరూ పెట్టిన పేరు మద్రాసీలు. మద్రాసు ఏ దిక్కున ఉందో మాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. మీ ఇంట్లో ఇడ్లీలు బాగా చేస్తారట కదా అని పక్కగది వాళ్లు అడిగేవాళ్లు. మేము జొన్నరొట్టె, మక్కగటక తిని పెరిగినవాళ్లం. ఇడ్లీ నేను మొదటిసారి తిన్నది బొంబాయి హోటల్లోనే. ఆ మాట చెబితే నమ్మేవారు కాదు. చివరికి నా భార్య, సముద్రం ఒడ్డున అమ్మే మక్కకంకులు కొని తెచ్చి, గింజలు వలిచి, రోలు లేక గిన్నె అడుగుతో దంచి, కిరసనాయిలు పొయ్యి మీద గారెలు చేసి అందరికీ పంచింది. అప్పటినుంచి ఇడ్లీ మాట ఎత్తడం మానేశారు.

వినోదం సంగతి చెప్పాలి. నేను సినిమాకు వ్యతిరేకినని ఎవరూ అనుకోకూడదు. ఆ రోజుల్లో ఒక థియేటర్లో ఆదివారం పొద్దుటిపూట ఒకే ఒక ఆట తెలుగు సినిమా వేసేవారు. దానికి మేము పెళ్లికి పోయినట్టు పోయేవాళ్లం. తలకు నూనె పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మిల్లులో వారమంతా మరాఠీ, హిందీ వినివినీ ఆ చీకట్లో మన మాట చెవిన పడితే ఒళ్లు పులకరించేది. కథ ఎంత దిక్కుమాలినదైనా కళ్ల నీళ్లు వచ్చేవి. మేడ మీద నీళ్ల ట్యాంకుకు ఆనించి పెడితే ట్రాన్సిస్టర్‌లో ఒక్కోసారి హైదరాబాద్ స్టేషన్ పలికేది. పాట సగంలో గరగరమంటూ సముద్రంలో మునిగిపోయేది. మిగతా సగం మేమే పాడుకునేవాళ్లం. దసరాకు ఊరి నుంచి వచ్చేవాళ్లు జమ్మి ఆకు మూట కట్టి తెచ్చేవాళ్లు. దారిలో అది ఎండిపోయి పొడైతే ఆ పొడినే ఒకరి చేతిలో ఒకరం పోసుకుని, కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకునేవాళ్లం. అలా బతికాం.

ఇక పటం సంగతి. మా కులపురాణం చెప్పడానికి తరతరాలుగా హక్కున్న కుటుంబాలు వేరే ఉన్నాయి. వాళ్ల దగ్గర పొడుగాటి బట్ట ఉంటుంది. దాని మీద పైనుంచి కింది దాకా కథంతా బొమ్మలుగా గీసి ఉంటుంది. రెండు వెదుళ్ల మధ్య దాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ, ఒక్కొక్క బొమ్మనే పుల్లతో చూపిస్తూ కథ చెబుతారు. ముని మొదటి నూలు తీయడం, రాక్షసుడు అడ్డం రావడం, పులినెక్కి ముని యుద్ధానికి పోవడం, రాక్షసుణ్ని చంపి వాడి ఒంట్లోంచి రంగులు తీయడం, మొదటి బట్ట నేసి దేవతలకు కట్టబెట్టడం, ఇదీ వరస. పటం విప్పితే చివరి బొమ్మ దాకా చెప్పాలి. హారతి ఇచ్చాకే చుట్టాలి. చెప్పేవాడు అంతదాకా అన్నం ముట్టడు. నడుమ చుట్టేస్తే చెప్పినవాడికి కాదు, పిలిచిన ఇంటికి మంచిది కాదు.

పిలిచిన ఇల్లు నాది.

నా భార్య తొలిచూలు. కాన్పుకు ఆర్మూర్ పోయింది. పుట్టబోయే బిడ్డ పేరిట కులపురాణం చెప్పించమని మా అమ్మ కబురు పెట్టింది. మిల్లులో సెలవు దొరకలేదు. చాళ్‌లో మా వాళ్లు చాలా ఇళ్లవాళ్లు ఉన్నారు, బొంబాయిలో పుట్టిన పిల్లలు పటమంటే ఏమిటో చూసి ఎరగరు. ఇక్కడికే పిలిపిస్తే అందరూ వింటారని నాకు తోచింది. నందిపేట్ దిక్కు గోదావరి ఒడ్డు ఊళ్లో ఉండే ముసలాయనకు కబురు చేశాను. వంత పాడే తమ్ముడికి జ్వరమని ఆయన ఒక్కడే వచ్చాడు. నిజామాబాద్‌లో ఎక్కి, మన్మాడ్‌లో బండి మారి, బొంబాయి దాకా పటం పెట్టెను ఒళ్లోంచి దించలేదట. కింద కాళ్లుంటాయి, పైన చెప్పుల మూటలుంటాయి, ఎక్కడ పెట్టను బాపూ అన్నాడు.

వినాయకచవితి రోజులవి. చాళ్ నడిమి ఖాళీ జాగాలో మా తెలుగువాళ్ల సంఘానికి ఒక రోజు ఇచ్చారు. మధ్యాహ్నం నుంచి పటం కథ అని సంఘం సెక్రటరీ నాకు మాట ఇచ్చాడు. ఆయన మిల్లులో జాబరు, పదిమంది మీద పెత్తనం చేసేవాడు. ఆర్మూర్ పక్క ఊరివాడే. నాకు వరసకు అన్న. నేను ఆయన్ను ఎదిరించి మాట్లాడింది అంతకు ముందు లేదు.

ఖాళీ జాగా చివర ఒక గోడ, గోడకు ఒక తలుపు. ఆ గదిలో ఒంటరిగా ఒక మరాఠీ ముసలామె ఉండేది. అందరం ఆజీ, అంటే అవ్వ, అని పిలిచేవాళ్లం. తన గుమ్మానికి ఎదురుగా వెదుళ్లు పాతుతామంటే ఆమె కాదనలేదు. తన కుండలూ పొయ్యీ లోపలికి జరుపుకుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. తెలుగు ఆమెకు ఒక్క ముక్క రాదు.

కథ మొదలైంది. పటం ముందు దీపం. ముసలాయన గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. లోతైన గొంతు, బావిలో చేద పడ్డట్టు. మొదట పిల్లలు అటూ ఇటూ ఉరికారు. రాక్షసుడి బొమ్మ వచ్చేసరికి ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. పులి గాండ్రింపు ఆయన నోటితోనే చేశాడు. చంటిది ఒకతె ఏడుపు మొదలుపెట్టింది. నాకు గర్వం ఆగలేదు. చుట్టూ చూశాను, చూశారా మా కథ అన్నట్టు.

పొద్దు గూకుతోంది. ముని పులి మీంచి పడ్డాడు. రాక్షసుడు ఆయన ఛాతీ మీద కాలు వేశాడు. ముసలాయన ఆ బొమ్మ దగ్గర పుల్ల ఆనించి, ఊపిరి పట్టి నిలబడ్డాడు. మా ఊళ్లో అయితే అక్కడ ఆడవాళ్లు పసుపు బియ్యం చల్లుతారు, ముని లేవాలని.

సరిగ్గా అప్పుడు సెక్రటరీ వచ్చాడు. వెనకాల ప్రొజెక్టరు పెట్టె మోసుకుంటూ ఇద్దరు మనుషులు.

సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం సినిమా వేయిస్తానని ఆయన కుర్రవాళ్లకు మాట ఇచ్చాడు. నాకు ఒక మాట, వాళ్లకు ఒక మాట. రీళ్లు రాత్రికి ఇంకో పేటకు పోవాలట, ఇప్పుడే వేయాలట. నేను లేచి ఆయన దగ్గరికి పోయాను. ఇంకొంచెం సేపు ఆగమన్నాను. ముని లేచేదాకా ఆగమన్నాను.

"పటం ఏడికి పోతది తమ్మీ, రేపు చెప్పిచ్చుకో" అన్నాడు.

రేపు పొద్దున ఆయనకు బండి ఉంది. పటం నడుమ చుట్టకూడదని నీకు తెలియదా అన్నా అని అడిగాను. తెలుసు. తెలియక కాదు. ఆయన తండ్రి కూడా పటం చెప్పించినవాడే. తల అటు తిప్పుకుని, ముసలాయనతోనే చుట్టేయమన్నాడు.

ముసలాయన పుల్ల దించలేదు. "నేను సుట్ట. నీ శేతులకు ధైర్యముంటే నువ్వే సుట్టుకో బాపు" అన్నాడు.

సెక్రటరీ రెండడుగులు ముందుకు వేశాడు. పటం అంచు దాకా చేయి పోయింది. అక్కడ ఆగింది. ముట్టుకోలేకపోయాడు. ఎంత జాబరైనా పద్మశాలి తల్లికి పుట్టినవాడే కదా. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆయన బుర్ర పాడుబుర్ర. వెనక్కి తిరిగి నవ్వి, "సుట్టకు తాతా. నీ పటం గట్లనే ఉండనియ్యి. దాని ముంగట తెర కడ్తం. దీపం మాత్రం ఆర్పు, సినిమా ఖరాబైతది" అన్నాడు.

కుర్రవాళ్లు ఈలలు వేశారు. పులి గాండ్రింపుకు నోళ్లు తెరుచుకుని కూర్చున్న పిల్లలే చప్పట్లు కొట్టారు. ఎవరో దీపం ఆర్పారు. ఎవరో నాకు తెలుసు, రాయను. పటానికి రెండు మూరలు ఇవతల తాడు కట్టి తెల్లబట్ట వేలాడదీశారు. అది మా మిల్లు బట్టే. తనిఖీలో పక్కన పడేసిన పలచటి నేత. మంచి బట్ట కూడా దొరకలేదు వాళ్లకు మా పురాణాన్ని కప్పడానికి. ముసలాయన అవతలే ఉండిపోయాడు. ఇవతలికి రమ్మని పిలిచాను. రాలేదు.

ఎవడన్నా పటాన్ని పీకేస్తాడేమో అని నేను తెర పక్కనే, ముందు వరసలో కూర్చున్నాను. సినిమా మొదలైంది. స్పీకరు నా చెవి పక్కనే. ఫైటింగులు, పాటలు, ఒక హాస్యగాడి తిప్పలు. ఆ సినిమా నేను చూడలేదనీ, కళ్లు తెర మీద ఉన్నా మనసు లేదనీ పదేళ్లు అందరికీ చెప్పుకున్నాను.

ఆట అయ్యాక తెర విప్పారు. పటం చుట్టి ఉంది. ఎర్రబట్టలో పెట్టి ముడి వేసి ఉంది. ముసలాయన గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. నడుమ చుట్టేశాడు, చుట్టక ఏం చేస్తాడు, ఎంతసేపని చీకట్లో కూర్చుంటాడు అనుకున్నాను. అన్నం పెట్టించాను. తిన్నాడు. ఆ తినడం చూసి నాకు దుఃఖం ఆగలేదు, ఒక్కపొద్దు కూడా విడిచేశాడే అని. ఆజీ గుమ్మంలోంచి నన్ను చూసి రెండు చేతులూ జోడించి "ఛాన్ ఝాలా" అంది. బాగా జరిగిందట. తెర వెనక నుంచి సినిమా చూసి మురిసిపోయింది కాబోలనుకుని ఆ పిచ్చితల్లి మీద కూడా నాకు కోపం వచ్చింది.

పొద్దున స్టేషనుకు తీసుకుపోయాను. పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. నా మొహంలోకి చూస్తున్నాడు. నేను తల ఎత్తలేదు. ఏమని అడగాలి? "మంచిగుండు బాపు" అన్నాడు. బండి కదిలింది.

నాకు కూతురు పుట్టింది. చాళ్ నుంచి ఊరికి పోయిన పుణ్యాత్ములెవరో జరిగిందంతా మా అమ్మ చెవిన వేశారు. అప్పటి నుంచి పిల్లకు తుమ్ము వచ్చినా సగం కథే, విరేచనమైనా సగం కథే. నేను నమ్మేవాణ్ని కాదు. జ్వరం దోమల వల్ల, నీళ్ల వల్ల వస్తుందని చదివినవాణ్ని. కానీ పిల్ల ఒళ్లు కాలుతున్నప్పుడు చేయి వేసి చూస్తే, నా కళ్లకు కనిపించేది ఆ బొమ్మే. ముని ఇంకా రాక్షసుడి కాలి కిందే ఉన్నాడు.

తర్వాత మిల్లు మూతపడింది. ఆర్మూర్ వచ్చి ఒక పసుపు వ్యాపారి దుకాణంలో తూకం దగ్గర పనికి కుదిరాను. పసుపు దుమ్ము నా చొక్కాలకు పట్టి ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. సెక్రటరీ కూడా వచ్చేశాడు. బొంబాయిలో వెనకేసిన దానితో మంచి ఇల్లు కట్టాడు, పొద్దంతా మార్కెట్ ఎదురు చాయ్ హోటల్లో కూర్చునేవాడు. నేను ఒక్కటే అడిగాను, ఎన్నోసార్లు అడిగాను. తప్పయిందని నలుగురిలో ఒప్పుకో, మళ్లీ పటం పెట్టించి మిగతా సగం చెప్పించు అని. కులపెద్దల ముందు కూడా పెట్టాను. వాళ్లు మీసాల కింద నవ్వుకున్నారు. అది పట్టుకుని ఆయన, నేను పసుపు బస్తా పక్కన కనబడితే చాలు, హోటల్లో అందరికీ వినబడేట్టు అరిచేవాడు:

"ఏం తమ్మీ, గా ముని ఇంక లేవలేదా?"

హోటలంతా నవ్వేది. నేను తూకం రాళ్లు గట్టిగా పెట్టేవాణ్ని.

ముసలాయన మా వాడకు మళ్లీ రాలేదు. ఆ కుటుంబాల వాళ్లు ఒక్కో ఏడు ఒక్కో దిక్కు తిరుగుతారు. రెండుసార్లు కబురు చేశాను. కరీంనగర్ దిక్కు పోయాడని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి తెలిసింది. నా ఇంటి పేరిట నడుమ చుట్టిన పటమని రావడానికి భయపడుతున్నాడని మా అమ్మ తేల్చేసింది.

తొంభైలలో ఒక ఎండాకాలం, పిల్ల పదో ఏట, దానికి పట్టిన జ్వరం దిగలేదు. ఆర్మూర్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. సీసా మీద సీసా ఎక్కించారు. మూడోనాటికి అది నన్ను గుర్తుపట్టలేదు. నిజామాబాద్ తీసుకుపోవాలేమో, ఇంకాస్త చూద్దామన్నాడు డాక్టరు. నా భార్య పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉంది. మా అమ్మ దవాఖాన మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు వింటుండగా అన్నది: "సగం కథ ఇంట్ల వెట్టుకొని సూదులు పొడిపిస్తున్నవు. నీ సదువు గూలిపోను. పోయి గా ముసలోన్ని పట్టుకరా."

పిల్ల బతికింది. అది ఇప్పుడే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్లకు ఊపిరాడదు. కానీ ఆ పొద్దున ఆ సంగతి నాకు తెలియదు. నాకు నమ్మకం లేదు. అయినా పోయాను. నమ్మకం లేనివాడు కూడా కూతురి కోసం పోతాడు.

నందిపేట్ ఆటోలో మనిషి మీద మనిషిగా కూర్చుని పోయాను. అక్కడి నుంచి నడక. దారి పొడుగునా కళ్లాల్లో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ ఆవిరి వాసన నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నడిచాను. ముసలాయన ఇంటి ముందు వేపకొమ్మల పందిరి కింద నులక మంచం మీద ఉన్నాడు. రెండు కళ్లకూ పొర కమ్మింది. గొంతు పట్టి నన్ను పోల్చుకున్నాడు. పటం పెట్టె ఆయన తల దగ్గరే ఉంది.

కూర్చోకుండానే చెప్పాను. పిల్ల జ్వరం, అమ్మ మాట, సెక్రటరీ ఎగతాళి, అన్నీ ఒక్క ఊపిరిలో. ఆటో మాట్లాడతాను, పెట్టె నేను మోస్తాను, ఇప్పుడే వచ్చి ఆ మిగిలిన సగం చెప్పు తాతా, ముని లేవాలి అన్నాను. ఆయన నా వైపు, అంటే నా గొంతు వచ్చిన వైపు, మొహం తిప్పాడు. తర్వాత చేయి చాచి పెట్టె మూత మీద వేశాడు.

"ఏం సగం బాపు? నేనేడ ఆపిన? మీరు తెర కట్టిండ్రు, కట్టుకున్నరు. తెర ఎన్క నా పటం నాకున్నది, నా నోరు నాకున్నది. దీపమైతె ఆర్పిచ్చిండ్రు గని, గా సినిమా ఎలుగు పల్చటి బట్టల నుంచి వచ్చి పటం మీదనే వడ్డది. గంత ఎలుగుల నేనెన్నడు కథ చెప్పలే. మునిని లేపిన. రాక్షసున్ని కూలగొట్టిన. రంగులు తీసిన, బట్ట నేసి దేవతలకు కట్టవెట్టిన. గా మరాఠి ముసలమ్మ ఒక్కతే పటం ముంగటికొచ్చి కూసుండె. ఒక్క మాట తెల్వకపాయె, అయినా అయిపోయేదాంక లేవలే. కర్పూరం గూడ ఆమెనే ముట్టిచ్చింది. హారతి ఇచ్చినంకనే సుట్టిన. లేకపోతె నీ శేతి బువ్వ తింటనా? పొద్దుగాల టేషన్‌ల నువ్వు అడుగుతవేమో అని నీ మొకం దిక్కే సూసిన. నువ్వు అడగకపోతివి. తెర ఎన్కకు నీ నవ్వు గూడ ఇనవడ్డది బాపు, గా హాస్యగాడు వచ్చినప్పుడల్ల, మంచిగనే నవ్వినవు. పో, ఇంక నన్నేం మోస్తవు, పోయి పిల్ల దగ్గర కూసో."